ఊపిరి తెలియని పిడికిలి

కరాటేలో కటా అంటే బెల్టు కోసం బట్టీపట్టే కదలికల వరుస కాదు. ప్రతి కదలికకూ ఒక అర్థం ఉంది, ప్రతి అర్థానికీ ఒక శ్వాస ఉంది. ఆ రెండూ నేర్పకపోతే మిగిలేది తెల్ల దుస్తుల డ్రిల్లు మాత్రమే.

సాయంత్రం ఆరు గంటలు. బడి ఆవరణలో తెల్ల దుస్తులు వేసుకున్న పిల్లలు వరుసల్లో నిలబడతారు. ముందు నిలుచున్న మాస్టారు "ఇచ్, ని, సాన్, షి" అంటూ జపాన్ భాషలో అంకెలు లెక్కపెడుతుంటే ఒక్కో అంకెకు ఒక్కో అడుగు, ఒక్కో గుద్దు. చివర్లో అంతా కలిసి ఒక కేక. చుట్టూ ప్రహరీ పక్కన స్కూటర్లు ఆపుకుని తల్లిదండ్రులు చూస్తుంటారు. బార్డోలీ అయినా బాపట్ల అయినా ఈ దృశ్యం ఒకటే. మాస్టారి యాసలో గుజరాతీ వినపడుతుందా తెలుగు వినపడుతుందా అన్నదే తేడా.

ఆ వరుసలో ఉన్న పదేళ్ల పిల్లవాణ్ని పక్కకు పిలిచి, "గుద్దేటప్పుడు రెండో చెయ్యి నడుం దగ్గరికి ఎందుకు లాగుతున్నావు?" అని అడిగితే ఏం చెబుతాడు? చాలాసార్లు వచ్చే జవాబు "మాస్టారు అలా చేయమన్నారు" అనే. "మరి ఊపిరి ఎప్పుడు పీల్చావు?" అంటే ఆ జవాబు కూడా ఉండదు. ఎందుకంటే కటా మొదలైనప్పుడు బిగబట్టిన ఊపిరిని చాలామంది పిల్లలు కేక పెట్టినప్పుడే వదులుతారు.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ కరాటే ఇప్పుడు సరదా వ్యాపకం మాత్రమే కాదు. సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12వ తరగతి దాకా చదివే బాలికలకు 'రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్' పేరిట మూడు నెలల శిక్షణ ఇస్తున్నారు. అందులో కరాటే కూడా ఒకటి. సూరత్ మరమగ్గాల్లో పనికోసం తెలంగాణ నుంచి తరలివెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాల ఆడపిల్లలకైనా, సిరిసిల్లలో ఉన్నవారికైనా, బార్డోలీలో చెరకు రైతు కూతురికైనా ఎవరో మణికట్టు పట్టుకున్న క్షణంలో అక్కరకొచ్చేది కంఠస్థం చేసిన వరుస కాదు. ఆ వరుస వెనుక ఉన్న అర్థం.

ఎదురుగా ఎవరూ లేని యుద్ధం

కటా అనే జపనీస్ మాటకు రూపం, అచ్చు, నమూనా అని అర్థం. ముందే నిర్ణయించిన వరుసలో, నిర్ణీత దిశల్లో వేసే అడుగులు, అడ్డుకట్టలు, దెబ్బలు కలిపితే ఒక కటా. ఎదురుగా ప్రత్యర్థి ఉండడు. ఉన్నట్టుగా ఊహించుకోవాలి. షోటోకాన్ శైలిలో పిల్లలు మొట్టమొదట నేర్చుకునే హేయాన్ షోదాన్‌లో 21 కదలికలు ఉంటాయి. రెండు చోట్ల కేక. మొదలైన చోటికే వచ్చి ముగుస్తుంది. చేయడానికి నిమిషం కూడా పట్టదు.

పుస్తకాలు అందరికీ అందుబాటులో లేని కాలంలో, అందునా రహస్యంగా నేర్పే కాలంలో, పోరాట విద్యను ఒక తరం నుంచి మరో తరానికి అందించడానికి కటాయే సాధనం. తెలుగువారికి ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఎక్కాలు, శతక పద్యాలు, వేద పనసలు అన్నీ వల్లెవేతతోనే నిలిచాయి. ముందు నోటికి రావాలి, తర్వాత అర్థం తెలియాలి. చిక్కల్లా ఎక్కడంటే, అర్థం చెప్పే గురువు మధ్యలో తప్పుకుంటే మిగిలేది శబ్దం ఒక్కటే. కరాటేలో సరిగ్గా అదే జరిగింది. అదీ నిన్నో మొన్నో కాదు, వందేళ్ల కిందటే.

బడిలోకి వచ్చిన విద్య

కరాటే పుట్టిల్లు జపాన్ ప్రధాన భూభాగం కాదు, దానికి దక్షిణాన ఉన్న ఒకినావా దీవి. ఒకప్పుడు ర్యుక్యూ రాజ్యంగా ఉన్న ఆ దీవికి చైనాతో వర్తక సంబంధాలు ఉండేవి. స్థానిక పోరాట విద్య, దక్షిణ చైనా పోరాట విద్యలు కలిసి అక్కడ 'తె' (చెయ్యి) అనే విద్య తయారైంది. షురి, నహా, తొమారి పట్టణాల పేర్లతో దాని శాఖలు ఏర్పడ్డాయి.

ఈ విద్య ఇల్లు దాటి బడిలో అడుగుపెట్టింది 1900ల తొలి సంవత్సరాల్లో. అందుకు కారకుడు షురికి చెందిన ఇతోసు అంకో (1831-1915). పాత కటాలు పిల్లలకు కష్టమని ఆయన పినాన్ అనే ఐదు చిన్న కటాలు రూపొందించారు. తరగతి మొత్తానికి ఒకేసారి, అంకెలు లెక్కపెడుతూ నేర్పడానికి అవి అనువుగా ఉన్నాయి. ఇప్పుడు మన బడుల్లో కనిపించే వరుసలు, లెక్కింపు, ఏకకాలంలో కేక అన్నీ ఆ పాఠశాల వ్యాయామపు వారసత్వమే. ఇతోసు శిష్యుడు ఫునాకోషి గిచిన్ తర్వాతి రోజుల్లో పినాన్ పేరును హేయాన్ అని మార్చారు. మొదటి రెండింటి వరుసను కూడా తారుమారు చేశారు.

పిల్లల చేతికి ప్రమాదకరమైన ప్రయోగాలు ఇవ్వకూడదు కాబట్టి బడిలో కదలికలు ఉండిపోయాయి, వాటి ఉపయోగం వెనక్కి పోయింది. అయితే ఇతోసుకు ఈ ప్రమాదం తెలియకపోలేదు. 1908లో విద్యాధికారులను ఉద్దేశించి ఆయన రాసిన పది సూత్రాల లేఖలో ఈ విషయమే ఉంది. ఎన్నో కటాలు నేర్చుకోవచ్చు గానీ ఒక్కో కదలిక ఎందుకో, ఎప్పుడు వాడాలో తెలుసుకుని సాధన చేయాలన్నది ఆయన సలహా. ఫలానా కటాను ఆరోగ్యం కోసం చేస్తున్నామా, ఆచరణలో వాడటానికి చేస్తున్నామా అన్నది ముందే తేల్చుకోమని కూడా ఆయన చెప్పారు. నిలుచునేటప్పుడు వెన్ను నిటారుగా, భుజాలు దించి, బలమంతా కాళ్లలోకీ పొత్తికడుపులోకీ దించాలన్నారు. త్వరగా వచ్చే విద్య కాదనీ, రోజుకు గంటో రెండు గంటలో చొప్పున మూడు నాలుగేళ్లు పడుతుందనీ ఆనాడే హెచ్చరించారు. మూడు నెలల శిక్షణలతో అద్భుతాలు ఆశించేవారు చదవదగ్గ ఉత్తరం అది.

అర్థానికి కటకట

కటాలోని కదలికలను విడదీసి, నిజమైన ప్రత్యర్థి మీద అవి ఎలా పనిచేస్తాయో చూపడాన్ని జపనీస్‌లో బుంకాయ్ అంటారు. విశ్లేషణ అని అర్థం. ఇది లేని కటా నృత్యమే. అదీ సాహిత్యం తెలియని నృత్యం.

నడుం దగ్గరికి లాగే చేతి సంగతే తీసుకోండి. దాన్ని హికితె అంటారు, లాగే చెయ్యి అని అర్థం. ఒక చెయ్యి వెనక్కి వస్తే రెండో చేతికి బలం వస్తుందని చాలా తరగతుల్లో చెబుతారు. కానీ బాక్సర్లు ఎవరూ అలా చేయి కిందికి లాక్కోరు, మొహానికి కాపలాగా ఉంచుకుంటారు. వాళ్ల గుద్దులో బలానికేమీ లోటు లేదు. బుంకాయ్ తెలిసినవారు చెప్పే అర్థం వేరు: ఆ చెయ్యి ఖాళీగా రావడం లేదు, ప్రత్యర్థి చేతినో చొక్కానో పట్టుకుని లాక్కువస్తోంది. అవతలి మనిషి తూకం తప్పి ముందుకు తూలినప్పుడు రెండో చెయ్యి దెబ్బ వేస్తుంది. ఈ ఒక్క మాట చెప్పి, ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి చేయించి చూస్తే, ఆ పిల్లలు మర్నాటి నుంచి హికితెను వేరేగా లాగుతారు.

రెండో ఉదాహరణ ఆడపిల్లలకు మరింత దగ్గరిది. హేయాన్ షోదాన్‌లో కుడివైపు తిరిగి కిందికి అడ్డుకట్ట వేశాక, ముందు కాలిని కాస్త వెనక్కి లాక్కుంటూ, ఆ చేతిని ఒంటి వైపు తెచ్చి, గుండ్రంగా తిప్పి, సుత్తి వేసినట్టు పిడికిలి అడుగుభాగంతో కొట్టే కదలిక ఉంది. వరుసలో చేస్తుంటే అదొక అలంకారంలా కనిపిస్తుంది. కానీ ఎవరో మణికట్టు పట్టుకున్నారనుకుంటే దాని అర్థం తెలిసిపోతుంది. ఒళ్లంతా వెనక్కి తీసుకుంటూ, పట్టుకున్నవాడి బొటనవేలి వైపు చెయ్యి తిప్పితే పట్టు సడలుతుంది. పట్టులో అన్నిటికన్నా బలహీనమైన చోటు బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉండే సందే. విడిపించుకున్న చెయ్యే దెబ్బగా మారుతుంది. పరీక్ష కోసం ఈ కదలికను వందసార్లు చేసిన అమ్మాయికి ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే, నిజంగా చెయ్యి పట్టుకున్న రోజున ఆ వంద సార్లూ వృథా.

అలాగని అర్థం చెప్పడంతో పని అయిపోదు. ఎదుటివాడు సహకరిస్తుంటే ఏ పట్టయినా విడిపోతుంది. మొదట నెమ్మదిగా, తర్వాత నిజంగా గట్టిగా పట్టుకుని, ఆ తర్వాత ముందుగా చెప్పకుండా పట్టుకుని సాధన చేయించాలి. కటా పాఠ్యపుస్తకమైతే జతగాడితో సాధన ప్రయోగశాల. పుస్తకం చదివినంత మాత్రాన ఈత రాదు.

రోకలి పోటు రహస్యం

కరాటేలో శ్వాస అనగానే ఏదో తూర్పు దేశాల రహస్యమన్న భావన ఉంది. నిజానికి దాని మొదటి పాఠం మన పల్లెటూళ్లలో అందరికీ తెలిసిందే. రోట్లో వడ్లు దంచే ఆడవాళ్లు రోకలి దిగేటప్పుడు 'ఉస్' అంటారు. బండ మీద బట్టలు బాదే చాకలి, గడ్డపలుగు వేసే కూలీ, గొడ్డలి ఎత్తే కట్టెలవాడు అందరూ దెబ్బ పడే క్షణంలో ఊపిరి వదులుతారు. వాళ్లకెవరూ నేర్పలేదు. రోజంతా అలసిపోకుండా పని చేయాలంటే అదొక్కటే దారి.

కరాటే చేసేదీ అదే. కదలిక మొదలయ్యేటప్పుడు ముక్కుతో పీల్చిన గాలిని, దెబ్బ తగిలే చోట చిన్నగా, గట్టిగా వదలాలి. ఆ క్షణంలో పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే విభాజక పటలం, పొట్ట చుట్టూ ఉన్న కండరాలు, కటి అడుగు కండరాలు కలిసి ఒత్తిడి పెంచడంతో వెన్నెముక చుట్టూ పట్టీ కట్టినట్టు అవుతుంది. కాళ్ల నుంచి వచ్చే బలం నడుం దగ్గర జారిపోకుండా చేతికి చేరుతుంది. ఈ క్షణకాలపు బిగింపునే జపనీస్‌లో కిమె అంటారు. ఆ బిగింపు వెంటనే వదలాలి కూడా. లేకపోతే రెండో దెబ్బ ఆలస్యమవుతుంది.

కేక అంటే కూడా ఇదే సూత్రం, మరికాస్త పెద్ద గొంతుతో. కియాయ్ అని పిలిచే ఆ అరుపుకు మహిమలు అంటగట్టాల్సిన పని లేదు. టెన్నిస్ క్రీడాకారుల మీద 2014లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి, గట్టిగా మూలుగుతూ కొట్టినప్పుడు బంతి వేగం దాదాపు 5 శాతం పెరుగుతున్నట్టు చూపింది. ఆత్మరక్షణలో దీనికి మరో లాభం ఉంది. భయపడ్డ మనిషి ఊపిరి బిగబడతాడు, గొంతు పెగలదు. కేక పెట్టడం అలవాటైన అమ్మాయికి ఆ బిగింపు విడిపోతుంది. నలుగురికీ వినిపిస్తుంది. అదీ ఆయుధమే.

మరి 'పొట్టతో ఊపిరి' అంటే? గాలి పొట్టలోకి వెళ్లదు, అది వెళ్లేది ఊపిరితిత్తులకే. విభాజక పటలం కిందికి దిగినప్పుడు పొట్టలోని అవయవాలు ముందుకు జరిగి పొట్ట ఉబ్బుతుంది. భుజాలు పైకి లేస్తూ ఛాతీతో పీల్చే ఊపిరి కంటే ఇది తక్కువ శ్రమతో ఎక్కువ గాలి ఇస్తుంది. నాభి కింద ఉండే ఆ చోటును జపాన్‌లో తాందెన్ అంటారు. మన యోగా మాస్టార్లు నాభి మీద ధ్యాస పెట్టమనడానికీ దానికీ పెద్ద దూరమేమీ లేదు.

మూడు యుద్ధాల కటా

శ్వాస కోసమే పుట్టిందా అనిపించే కటా ఒకటుంది. దాని పేరు సాంచిన్, 'మూడు యుద్ధాలు' అని అర్థం. మనసు, శరీరం, శ్వాస అనే మూడింటినీ ఒక్కచోటికి తేవడమని దానికి వ్యాఖ్యానం చెబుతారు. చైనాలోని ఫుజౌలో విద్య నేర్చుకుని వచ్చిన నహావాసి హిగావొన్నా కాన్ర్యో (1853-1915) దీన్ని పునాదిగా పెట్టి శిష్యులను తయారుచేశారు. చూడ్డానికి ఇందులో ఏమీ లేదు. కాలి వేళ్లు లోపలికి తిప్పి నిలబడటం, మెల్లగా కొన్ని అడుగులు, కొన్ని అడ్డుకట్టలు, కొన్ని గుద్దులు. ఎగరడం లేదు, తన్నడం లేదు. కానీ ఒంట్లో ప్రతి కండరమూ బిగిసి ఉండాలి, ఆ బిగింపులోనే ఊపిరి ఆగకుండా సాగాలి. శిష్యుడు చేస్తుంటే గురువు చుట్టూ తిరిగి భుజాలు, తొడలు తట్టి చూస్తాడు. ఊపిరి చెదిరితే అక్కడ తెలిసిపోతుంది.

హిగావొన్నా శిష్యుడు మియాగి చోజున్ (1888-1953) దీనికి జోడీగా తెన్షో అనే కటాను రూపొందించారు. అరచేతులు తెరిచి, నీటిలో కదిలినట్టు సాగే కటా అది. ఒకటి బిగువు, రెండోది మెత్తదనం. 1930లో టోక్యోలో జరిగిన ప్రదర్శనలో ఆయన శిష్యుణ్ని నీ శైలి పేరేమిటని అడిగితే చెప్పడానికి పేరు లేకపోయింది. తర్వాత మియాగి ఎంచుకున్న పేరు గోజు. 'గో' అంటే కఠినం, 'జు' అంటే మృదువు. శ్వాస పీల్చడం, వదలడంలోనే ఆ రెండూ ఉన్నాయనే భావం ఒకినావా గురువులు పదిలంగా దాచుకున్న బుబిషి అనే చైనా గ్రంథంలోది. అంటే ఒక ప్రధాన కరాటే శైలికి పేరు వచ్చిందే ఊపిరి నుంచి.

అయితే శ్వాస విషయంలో అన్ని శైలులదీ ఒకే మాట కాదు. గోజు శైలిలో గొంతు సన్నం చేసి, వినిపించేలా వదులుతారు. యోగాలోని ఉజ్జాయిలోనూ గొంతును ఇలాగే సన్నం చేస్తారు. అదే సాంచిన్‌ను ఉఎచి శైలిలో తెరిచిన చేతులతో, ఆ రొద లేకుండా చేస్తారు. షోటోకాన్‌లో శ్వాస కదలిక వెంటే నడుస్తుంది. కాబట్టి పెద్దగా బుసకొట్టేవాడే గొప్ప సాధకుడని అనుకోనక్కర్లేదు. ఒలింపిక్ స్థాయి పోటీల నిబంధనలు కూడా సరైన శ్వాసకు మార్కులు వేస్తూనే, అతిగా వినిపించే ఊపిరిని నాటకీయత కింద లెక్కగట్టి తప్పు పడతాయి.

బిగబడితే ప్రమాదం

ఇక్కడే ఆరోగ్యం సంగతి వస్తుంది. కండరాలు బిగించి, గొంతు మూసి, ఊపిరి బిగబట్టి బలం పెట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1985లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం ఇందుకు నిదర్శనం. కాళ్లతో భారీ బరువులు నెడుతున్న ఐదుగురు బాడీబిల్డర్ల ధమనుల్లోనే నేరుగా కొలిస్తే రక్తపోటు సగటున 320/250 దాకా వెళ్లింది. ఒకరికైతే 480/350 దాటింది. మామూలు రక్తపోటు 120/80 అని గుర్తుచేసుకుంటే ఆ అంకెల తీవ్రత తెలుస్తుంది. కటా బరువులెత్తడమంత శ్రమ కాదు. కానీ నలభై దాటాక సరదాగా తరగతిలో చేరి, సాంచిన్‌ను పళ్లు కొరుకుతూ చేసే వ్యక్తికి ముందే రక్తపోటో గుండె జబ్బో హెర్నియానో ఉంటే, బిగువు శ్వాస జోలికి వెళ్లే ముందు డాక్టర్‌ను అడగడమే మంచిది. పిల్లలకైతే ఆ బిగింపు శ్వాస అవసరమే లేదు. దెబ్బతోపాటు వదలడం, భుజాలు ఎత్తకుండా పీల్చడం వస్తే చాలు.

దీనికి వ్యతిరేక దిశలో మరో పొరపాటు ఉంది. వేగంగా, అతిగా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. దీన్ని ఒంట్లోకి ఏదో శక్తి ప్రవేశించడంగా భావించేవారు లేకపోలేదు. అది శక్తి కాదు, ఆపి కూర్చోమనే సూచన.

నెమ్మది శ్వాసకు మాత్రం మంచి సాక్ష్యమే ఉంది. జపమాల ప్రార్థన గానీ, బౌద్ధ మంత్రం గానీ చదువుతున్నప్పుడు శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు తగ్గుతోందనీ, ఆ లయలో గుండె, రక్తపోటు ఒకదానితో ఒకటి మెరుగ్గా సర్దుకుంటున్నాయనీ 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఇటలీ పరిశోధకుల అధ్యయనం తేల్చింది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి శ్వాస సాధారణంగా నిమిషానికి 12 నుంచి 20. తరగతి చివర రెండు మూడు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోబెట్టే పాత అలవాటు మర్యాద కోసం మాత్రమే కాదన్నమాట.

బోధిధర్ముడి వాటా

శ్వాస మాట రాగానే మన దగ్గర మరో వాదన లేస్తుంది. కరాటే మనదేననీ, దక్షిణ భారతం నుంచి చైనా వెళ్లిన బోధిధర్ముడు షావోలిన్ ఆశ్రమంలో నేర్పిన విద్యే ఒకినావా చేరిందనీ. వినడానికి బాగుంటుంది. తరగతి గోడల మీద బ్రూస్ లీ బొమ్మ పక్కన ఆయన బొమ్మా వేలాడుతుంది (బ్రూస్ లీ కరాటే మనిషి కాదు, కుంగ్‌ఫూ మనిషి అన్నది వేరే సంగతి). కానీ బోధిధర్ముడు పోరాట విద్య నేర్పాడనడానికి ఆయన కాలపు ఆధారాలేవీ లేవు. ఆయనకు ఆపాదించే వ్యాయామ గ్రంథం ఆయన తర్వాత వెయ్యేళ్లకు, 17వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చిందే. ఇతోసు సైతం తన లేఖను మొదలుపెట్టిందే కరాటే బౌద్ధం నుంచో కన్‌ఫ్యూషియస్ మతం నుంచో వచ్చింది కాదంటూ. ప్రాణాయామానికీ సాంచిన్‌కూ పోలికలు కనిపిస్తే అందుకు మనిషి ఊపిరితిత్తులు ఎక్కడైనా ఒకటే కావడం కూడా కారణమే.

బెల్టు పరుగు

కరాటేకు రంగు బెల్టులు కూడా ప్రాచీనమేమీ కాదు. ఫునాకోషి తన శిష్యులకు తొలిసారి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో. ఆ పద్ధతి జూడో నుంచి తెచ్చుకున్నది. అంతకు ముందు బెల్టు లేదు, కటాయే కొలమానం. టెక్కి అనే మూడు కటాలు నేర్వడానికి తనకు పదేళ్లు పట్టిందని ఫునాకోషి తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఇప్పుడు కొన్ని నెలలకో పరీక్ష, పరీక్షకో ఫీజు, బెల్టుకో కటా. పిల్లవాడికి పది కటాలు వస్తాయి, ఒక్కదానికీ అర్థం తెలియదు.

అయితే ఒక్క కటాను లోతుగా చేస్తే ఏమవుతుందో ప్రపంచమంతా చూసింది. 2021 ఆగస్టులో, ఏడాది ఆలస్యంగా జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే తొలిసారి చోటు సంపాదించింది. మహిళల కటాలో స్పెయిన్‌కు చెందిన సాండ్రా సాంచెజ్ 39 ఏళ్ల వయసులో స్వర్ణం గెలిచారు. పురుషుల కటాలో విజేత కియునా ర్యో. ఒకినావా నుంచి వచ్చిన తొలి ఒలింపిక్ స్వర్ణ విజేత ఆయనే. మరణించిన తల్లి ఫొటోను పట్టుకుని ఆయన పతక వేదిక ఎక్కారు. బుడోకాన్ మందిరంలో ఎదురుగా ఎవరూ లేకుండా ఆయన చేసిన కటాలో, లేని ప్రత్యర్థి కనిపించాడు. ఆ తర్వాతి 2024 పారిస్ క్రీడల్లో కరాటేకు చోటు దక్కలేదు. పతకం కోసమే నేర్చుకునేవారికి అది నిరాశే. విద్య కోసం నేర్చుకునేవారికి పెద్ద తేడా లేదు.

ఏం అడగాలి?

పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు మాస్టారి బ్లాక్ బెల్టు ఎన్నో డిగ్రీయో అడగడం మామూలే. దానికన్నా ఉపయోగపడే ప్రశ్నలు నాలుగున్నాయి. కటాలోని కదలికలను జతగాడితో చేయించి చూపిస్తారా? ఊపిరి ఎక్కడ పీల్చాలో, ఎక్కడ వదలాలో చెబుతారా? కొత్త కటాకు వెళ్లే ముందు పాతదాన్ని ఎంతకాలం చేయిస్తారు? 'ఎందుకు' అని పిల్లలు అడిగితే జవాబు ఇస్తారా, బస్కీలు తీయిస్తారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబులో మిగతా మూడింటి జవాబులూ ఉంటాయి.

నేర్చుకునే వారికీ ఒక పద్ధతి ఉంది. పౌరాణిక నాటకంలో పద్యం పాడే నటుడు ముందు పద్యం కంఠస్థం చేస్తాడు, తర్వాత ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తుపెట్టుకుంటాడు, ఆ తర్వాత భావం పలికిస్తాడు. తప్పుచోట ఊపిరి తీస్తే మాట విరిగిపోతుంది, అర్థం చెడుతుంది. కటా కూడా అంతే. మొదట అంకెల మీద, బలం లేకుండా, దిశలు కుదిరేదాకా. తర్వాత శ్వాస ఒక్కదాని మీదే ధ్యాస పెట్టి, సగం వేగంతో. ఆపైన జతగాడితో విడివిడి కదలికలుగా. చివరికి ఒంటరిగా, పూర్తి వేగంతో, ఎదుటి మనిషి ఉన్నాడనే ఊహతో. ఏ దశలో ఊపిరి బిగిసిపోయిందో గమనిస్తే, తనకు ఏ కదలిక ఇంకా రాలేదో సాధకుడికి మరొకరు చెప్పనక్కర్లేదు.

ఐదు హేయాన్ కటాలూ మొదలయ్యేది దెబ్బతో కాదు, అడ్డుకోవడంతో. దాన్ని జపనీస్‌లో ఉకె అంటారు. ఆ మాటకు అసలు అర్థం అందుకోవడం. కరాటేలో మొదటి దెబ్బ తనది కాకూడదని ఫునాకోషి శిష్యులకు పెట్టిన నియమం. ఆయన ఒకినావా నుంచి టోక్యో వచ్చి తొలిసారి కరాటే ప్రదర్శించింది 1922 మేలో. అదే ఏడాది ఫిబ్రవరిలో, చౌరీచౌరా హింస తర్వాత, సహాయ నిరాకరణోద్యమాన్ని నిలిపివేస్తూ కాంగ్రెస్ తీర్మానించింది బార్డోలీలో. శాసనోల్లంఘన మొదలుకావాల్సిన ఊరు కూడా అదే. ఎత్తిన చెయ్యిని ఆపుకున్నందుకు ఆ రోజు చాలామంది నొచ్చుకున్నారు. ఆరేళ్ల తర్వాత, 1928లో, అదే బార్డోలీ రైతులు వల్లభ్‌భాయ్ పటేల్ వెంట నిలబడి, ఎవరి మీదా చెయ్యి ఎత్తకుండానే పెంచిన శిస్తును వెనక్కి తీసుకునేలా చేశారు.

ఈ రెండు చరిత్రలకూ సంబంధం లేదు. కానీ సాయంత్రం ఆరు గంటలకు బడి ఆవరణలో పిడికిలి బిగించే పిల్లలకు చెప్పాల్సిన పాఠం రెండింటిలోనూ ఒకటే ఉంది. బలం పిడికిట్లో లేదు, దాన్ని ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో తెలియడంలో ఉంది. ఆ తెలివి మొదలయ్యేది ఊపిరి దగ్గర. నేర్పాల్సింది మాస్టారు. అడగాల్సింది మాత్రం పిల్లలే.